పొడిగుడ్డ పురాణం

"కారు మీద దుమ్ము పడితే పొడిగుడ్డతో తుడవకూడదు" అంటే మా నర్సీపట్నంలో నన్ను వింతగా చూస్తారు. తుడవకుండా ఏం చేస్తారండీ, హారతిస్తారా అని అడుగుతారు. మా ఊళ్ళో పొద్దున్నే బండి తుడవడం అంటే మొహం కడుక్కోవడం లాంటిది. బండి మాసి ఉంటే డ్రైవరు బద్ధకస్తుడని తేల్చేస్తారు. హైదరాబాదు, బెంగుళూరు సెల్లార్లలో జరిగేదీ అదే. నెలకింత అని మాట్లాడుకున్న మనిషి ఒక బకెట్టు, ఒక గుడ్డ పట్టుకుని వరసగా ఇరవై కార్లు తుడిచేసి పోతాడు. ఏడాది తిరిగేసరికి నల్లకారు మీద ఎండ పడితే చాలు, సాలెగూడులా సన్నటి గీతలు. అప్పుడు తిట్లన్నీ ఆ మనిషికే.

ఆ తిట్లు అన్యాయం అని నా వాదన. ఆయన పాతకాలపు రంగుకి సరిపోయిన పనిని ఇప్పటి రంగు మీద చేస్తున్నాడు. మన భాషలో చెప్పాలంటే ప్లాట్‌ఫాం మారింది, స్క్రిప్టు మారలేదు. ఎవరూ ఆయనకి చెప్పలేదు కూడా. ఇదెలా జరిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కార్ల కంటే ముందు యూరప్‌లో గుర్రబ్బళ్ళు ఉండేవి కదా. వాటికి నూనె వార్నిష్ పూతలు పొర మీద పొర వేసేవాళ్ళు. ఒక బండి పూత పూర్తిగా ఆరడానికి వారాలు పట్టేది. అంత ఖరీదైన పూత కాబట్టి బండి తోలేవాడికి ఒక నియమం ఉండేది. ఎండిన బురదని గుడ్డతో రుద్దకూడదు. నీళ్ళు ధారగా పోసి నాననివ్వాలి, స్పాంజితో మెల్లగా తియ్యాలి, ఆ తర్వాత షామీ తోలుతో తడి అద్దాలి. కాబట్టి "పొడిగుడ్డ వద్దు" అన్నది నిన్నా మొన్నా యూట్యూబు వీడియోల్లో పుట్టిన మాట కాదు, కారు కంటే పాతది.

మరి అంత పాత నియమం ఎందుకు పోయింది? రంగు మారింది గనక. 1914 నుంచి 1925 దాకా ఫోర్డ్ మోడల్ టీ ఒక్క నలుపులోనే దొరికేదని చాలామందికి తెలిసిందే. ఇంతలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే లాకర్ తయారుచేసింది. జనరల్ మోటార్స్ వాళ్ళు 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకి దాన్ని నీలం రంగులో వేశారు. స్ప్రే చేస్తే గంటల్లో ఆరిపోతుంది, ఏ రంగు కావాలంటే ఆ రంగు. ఈ పేరు మీకు కొత్తేమీ కాదు. ఇప్పటికీ మన వడ్రంగులు తలుపులకీ బీరువాలకీ "డ్యూకో కొట్టిద్దామా సార్" అంటారు చూడండి, ఆ డ్యూకో ఇదే :)

ఈ లాకర్‌తో ఒక చిక్కుంది. ఆరిన వెంటనే అంతగా మెరవదు, రుద్దితే మెరుస్తుంది. దాంతో రుద్దడం అనేది కారు సంరక్షణలో భాగం అయిపోయింది. 1926 నుంచి అమెరికాలో కోజాక్ అనే కంపెనీ నీళ్ళు అక్కర్లేకుండా కారు తుడిచే గుడ్డలే అమ్మడం మొదలుపెట్టింది.

మన దగ్గరకొస్తే అంబాసిడర్. 1950ల చివర్లో మొదలై 2014లో ఆగిపోయింది. ఆ తరం కార్లలో రంగే పైపొర, దాని మీద వేరే పూత లేదు. దుమ్ముతో తుడిస్తే గీతలు అప్పుడూ పడేవి. కాకపోతే రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దితే పైన మాసిన రంగు గుడ్డకి అంటుకుని వచ్చేసేది, కింద మళ్ళీ అదే రంగు తేలేది. మరీ పాడైతే షెడ్డులో పెట్టి మళ్ళీ స్ప్రే కొట్టించేవాళ్ళు. పైగా సర్కారు అంబాసిడర్లన్నీ తెలుపు, తెలుపు మీద గీతలు అంత తొందరగా కనబడవు. అందుకే పొద్దున్నే పొడిగుడ్డతో టపటపా దులిపి తుడిచే డ్రైవరు మంచి డ్రైవరు. అప్పటి లెక్కలో అది సరైన పనే.

1980ల నుంచి ప్రపంచంలో కార్ల పూత పద్ధతి మారింది. కింద రంగు పొర, దాని మీద రంగులేని క్లియర్ కోటు. మెటాలిక్ రంగులతో పాటు మన దేశంలోనూ ఇది మామూలైపోయింది. ఈ క్లియర్ కోటు మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక 70 దాకా ఉంటుంది. మెరుపంతా ఆ పొరదే, కింద రంగుని ఎండ నుంచి కాపాడేదీ అదే. గీతలు పోవడానికి పాలిష్ పట్టించిన ప్రతిసారీ అది కాస్త అరుగుతుంది. అరిగినది తిరిగి రాదు. రబ్బింగ్ కొట్టిస్తే కొత్తదైపోతుంది అన్న పాత లెక్క ఇక్కడ చెల్లదు.

ఇప్పుడు మా ఊరి దుమ్ము సంగతి. నర్సీపట్నం ఏజెన్సీకి గుమ్మం. చింతపల్లి, లంబసింగి వెళ్ళాలంటే ఇటు నుంచే. ఆ ఘాట్ రోడ్డు పనికి చాలీచాలని కూలి ఇచ్చి గిరిజనుల చేత వెట్టి చేయించడం 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో ఒకటి. ఆ కొండల్లో ఎక్కువగా కనబడే రాయి పేరు ఖోండలైటు, ఖోండు గిరిజనుల పేరు మీదే పెట్టారు. అందులో పలుగురాయి ఉంటుంది, గార్నెట్ ఉంటుంది. భీమిలి ఇసకలో ఎర్రగా మెరిసే రేణువులు ఈ గార్నెట్టే. గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో పలుగురాయి 7, గార్నెట్ కూడా ఇంచుమించు అంతే. మామూలు స్టీలు కత్తి 5.5 దగ్గర ఉంటుంది. వడ్రంగి పనిలో గార్నెట్ కాగితం అనే ఉప్పుకాగితం కూడా ఉంది. చలికాలం లంబసింగి మంచు చూసొచ్చిన కారుని పొడిగుడ్డతో తుడవడం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

అయితే రోజూ పైపు పెట్టి కడగాలా? అదీ కుదరదు. 2024 మార్చిలో బెంగుళూరులో నీళ్ళకి కటకట వచ్చినప్పుడు తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అన్నారు. దీనికి దారి రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి జపాన్. 1970లో తోరే కంపెనీలో మియోషి ఒకమోతో అతి సన్నటి పోగులు తియ్యడం సాధించాడు. మైక్రోఫైబర్ గుడ్డలకి మూలం అదే. మెత్తటి ఆ పోగుల మధ్యకి దుమ్ము వెళ్ళిపోతుంది, నూలుగుడ్డలోలా పైనే ఉండి గీకదు. రెండోది రిన్స్‌లెస్ వాష్ ద్రవాలు. బకెట్టు నీళ్ళలో కొద్దిగా కలిపితే చాలు, వాటిలోని పాలిమర్లు దుమ్ము రేణువు చుట్టూ జారుడు పొరలా పట్టుకుంటాయి. మళ్ళీ నీళ్ళతో కడగక్కర్లేదు.

పద్ధతి తేలికే. కారు నీడలో ఉండాలి, బోనెట్ చల్లబడాలి. ముందు ఆ ద్రవం స్ప్రే చేసి ఒక నిమిషం నాననివ్వాలి. తడిపిన మైక్రోఫైబర్ గుడ్డని నాలుగు మడతలు పెట్టి, పైకప్పు నుంచి కిందికి, బరువు వెయ్యకుండా, గుండ్రంగా కాకుండా తిన్నగా లాగాలి. ఒక పలక అవగానే మడత మార్చాలి. మడతలన్నీ మాస్తే ఇంకో గుడ్డ. తుడిచిన గుడ్డని మళ్ళీ శుభ్రమైన బకెట్లో ముంచకూడదు. చక్రాల దగ్గర, తలుపుల కింద చివర్లో, వేరే గుడ్డతో. కింద పడిన గుడ్డ ఇక కారుకి పనికిరాదు. పిట్ట రెట్ట ఉంటే దాని మీద తడిగుడ్డ వేసి కాసేపు ఉంచాలి, గోకకూడదు. బురద దట్టంగా ఉంటే ఈ పద్ధతి కూడా వద్దు, ముందు నీళ్ళు కొట్టాల్సిందే. అంటే మళ్ళీ గుర్రబ్బండి వాడి దగ్గరికే వచ్చాం: నానబెట్టు, రుద్దకు.

ఇక అసలు విషయం. ఒక కారుకి ఇలా చెయ్యాలంటే ఏడెనిమిది గుడ్డలు, ఇరవై నిమిషాలు కావాలి. నెలకి కొన్ని వందలు ఇచ్చి, ఒక్క గుడ్డ కూడా మనం కొనివ్వకుండా, రోజూ తళతళలాడాలి అంటే ఆయన చెయ్యగలిగింది ఇప్పుడు చేస్తున్నదే. పది లక్షల కారు కొని పాత బనీను ఆయన చేతిలో పెట్టింది మనమే. నన్నడిగితే రోజూ తుడవద్దని చెప్పండి. వారానికి రెండుసార్లు చాలు, డబ్బులు మాత్రం తగ్గించకండి. గుడ్డలూ ద్రవమూ మీరే కొనివ్వండి, ఒకసారి పక్కన నిలబడి చేసి చూపించండి. మిగతా రోజుల్లో కారు మీద కాస్త దుమ్ము ఉంటే ఉండనివ్వండి. రుద్దనంతవరకూ ఆ దుమ్ముతో వచ్చిన నష్టమేమీ లేదు.