వేసవి పడిశం: ఒక వ్యాధి విడివడిన కథ

తుమ్ములు, ముక్కు నుంచి నీరు కారడం, తల బరువెక్కడం అనే లక్షణాలు జలుబులోనూ, ఫ్లూలోనూ, అలర్జీలోనూ కనిపిస్తాయి కాబట్టి, యూరపు వైద్యులు శతాబ్దాల తరబడి వీటన్నిటినీ ‘కటార్’ అనే ఒక్క పేరు కిందనే లెక్కించారు. మెదడులో పేరుకున్న ద్రవం ముక్కు గుండా కిందికి జారడమే పడిశమని ప్రాచీన గ్రీకు వైద్యం నుంచి వచ్చిన నమ్మకం. ఆ ద్రవం ముక్కు లోపలి పొరలోనే ఊరుతుందని జర్మనీలోని విట్టెన్‌బర్గ్ ఆచార్యుడు కాన్రాడ్ ష్నైడర్ 1660ల తొలి సంవత్సరాలలో నిరూపించిన తరువాత ఈ నమ్మకం సడలింది గాని, పొరలో ద్రవం ఊరడానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువ ఉండవచ్చునన్న ఆలోచన మాత్రం మరో శతాబ్దిన్నర వరకు బలపడలేదు.

ఆ ఆలోచనకు దారి తీసినది లండన్ వైద్యుడు జాన్ బోస్టాక్ 1819 మార్చిలో అక్కడి వైద్యసభలో చదివిన ఒక చిన్న వ్యాసం. అందులో వర్ణించిన రోగి పేరు ‘జె.బి.’ అనే పొడి అక్షరాలలో ఉన్నప్పటికీ, ఆ రోగి బోస్టాకే. చిన్ననాటి నుంచి ఏటా జూన్ వచ్చేసరికి ఆయనకు కళ్ళు ఎర్రబడి దురద పెట్టేవి, ఆగకుండా తుమ్ములు వచ్చేవి, ఛాతీ బిగుసుకుపోయేది. వేసవి గడిచిపోతే ఆ బాధ దానంతట అదే పోయేది. రక్తం తీయించుకోవడం, విరేచనాలు, చన్నీటి స్నానాలు, నల్లమందు వంటి ఆనాటి చికిత్సలన్నీ ప్రయత్నించినా ఫలితం దక్కలేదు. జలుబు చలికాలపు రోగమని, చలిగాలి వల్ల వస్తుందని అందరూ నమ్మే దేశంలో, ఎండలు కాసే నెలలో క్రమం తప్పక వచ్చే ఈ పడిశాన్ని వేరుగా చూడవలసి ఉంటుందని ఆయన గ్రహించడమే ఈ చరిత్రలో అసలు మలుపు. 1828 నాటికి ఆయన 28 మంది రోగుల వివరాలు సేకరించి, దీనికి ‘వేసవి పడిశం’ అనే అర్థం గల లాటిన్ పేరు పెట్టారు. అయితే కారణం ఎండవేడి అని తేల్చి ఆయన పొరబడ్డారు. కోతకొచ్చిన గడ్డి వాసన వల్లనే ఇది వస్తుందని సామాన్యజనం అనుకుంటూ, దానికి ‘హే ఫీవర్’, అంటే ఎండుగడ్డి జ్వరం అని పేరు పెట్టారు. ఈ వ్యాధిలో నిజానికి జ్వరం రాదు గనుక ఆ పేరు సగమే సరైనది. కానీ కారణం విషయంలో వైద్యుని కంటే జనమే సత్యానికి దగ్గరగా ఉన్నారు.

ఆ సత్యాన్ని రుజువు చేసినవాడు మాంచెస్టర్ నగరంలోని హోమియోపతి వైద్యుడు చార్ల్స్ బ్లాక్లీ. ఆయన కూడా రోగియే. 1859లో మొదలుపెట్టి ఆయన ఎండవేడి, వెలుతురు, ఓజోన్ వాయువు, ధూళి, రకరకాల వాసనలు అంటూ ఒక్కొక్క అనుమానితాన్నీ తన మీదనే పరీక్షించుకుంటూ పోయారు. గడ్డిపూల పుప్పొడిని పీల్చి చూసుకున్నారు. ముంజేతి చర్మాన్ని కొద్దిగా గీరి అక్కడ పుప్పొడిని తడిపి అద్ది, కొద్దిసేపటికే దద్దురు లేవడం గమనించారు. నేటి అలర్జీ వైద్యులు చేతిమీద చేసే చర్మపరీక్షకు మూలం ఇదే. జిగురుద్రవం పూసిన గాజుపలకలను బయట ఉంచి, వాటిమీద పడిన పుప్పొడి రేణువులను సూక్ష్మదర్శినితో ప్రతిదినం లెక్కపెట్టి, ఆ లెక్క పెరిగిన రోజుల్లోనే తన తుమ్ములూ పెరుగుతున్నాయని చూపారు. పొలాలు దగ్గర లేని నగరవాసులకు ఈ రోగం ఎందుకు వస్తుందన్న ప్రశ్న మిగిలింది. దానికోసం ఆయన గాజుపలకలను గాలిపటాలకు కట్టి ఎగరేయగా, నేల దగ్గర కంటే పైగాలిలో చాలా ఎక్కువ పుప్పొడి దొరికింది. 1873లో వెలువడిన ఆయన గ్రంథం చదివి చార్ల్స్ డార్విన్ ఆయనతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపారు. వృత్తిలోని పెద్దలు అంత ఉత్సాహం చూపలేదు. ఆ దశాబ్దాలలో సూక్ష్మజీవుల మీదనే అందరి చూపూ ఉండడం ఇందుకొక కారణం కావచ్చు.

పుప్పొడి విషమేమీ కాదనీ, శరీరమే హద్దు మీరి స్పందిస్తోందనీ అర్థం కావడానికి మరికొంత కాలం పట్టింది. అలా మారిన స్పందనకు ‘అలర్జీ’ అని పేరు పెట్టినది 1906లో వియన్నా శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే.

రెండో వైపు, అంటే జలుబు, ఫ్లూల వైపు, పని ఇంకా నెమ్మదిగా సాగింది. 1914లో జర్మనీకి చెందిన వాల్టర్ క్రూసే, జలుబు చేసినవారి ముక్కు ద్రవాన్ని బాక్టీరియా దాటలేని వడపోతలో వడగట్టి ఆరోగ్యవంతుల ముక్కులో వేస్తే వారికీ జలుబు పట్టిందని చూపారు. ఫ్లూ కారణాన్ని 1892లో ఒక బాక్టీరియాకు అంటగట్టిన పొరపాటు 1918 నాటి మహమ్మారిని దాటి కొనసాగింది. 1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే జంతువులకు ఫ్లూ అంటించి వైరస్‌ను పట్టుకోవడంతో అది తొలగింది. ఇలా ఒక వైపు వైరస్, మరో వైపు పుప్పొడి వంటి పదార్థాలు నిలిచాక పాత పరిశీలనలకు అర్థం దొరికింది: ఫ్లూ హఠాత్తుగా జ్వరంతో, ఒళ్లునొప్పులతో పడవేస్తుంది; జలుబు సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతుంది; అలర్జీ జ్వరం లేకుండా, కళ్ళలో ముక్కులో దురదతో, కారకం గాలిలో ఉన్నంతకాలం వారాల తరబడి సాగుతుంది, ఒకరి నుంచి మరొకరికి అంటదు.

ఇంత తెలిశాక కూడా జలుబునూ అలర్జీనీ కలిపేసే పొరపాటు మందుల అంగడి ద్వారా తిరిగి వచ్చింది. అలర్జీలో శరీరం విడుదల చేసే హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకునే యాంటీహిస్టమిన్ మందులు 1940లలో వాడుకలోకి రాగానే, 1949 ప్రాంతంలో అమెరికాలో వాటిని జలుబును మాన్పే మందులుగా ప్రచారం చేసి విరివిగా అమ్మారు. బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి మందునూ, మందులేని ఉత్తుత్తి మాత్రలనూ వేర్వేరు బృందాలకు ఇచ్చి పోల్చి చూడగా, జలుబు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 1950లో తేలింది. ఆ పాతతరం మందులకు స్రావాలను ఆరబెట్టే గుణం ఉన్నందువల్ల జలుబులోనూ ముక్కు కారడం కొంత తగ్గవచ్చు. అందుచేత మాత్ర వేసుకుంటే ముక్కు ఆరిందన్న ఒక్క ఆధారంతో అది అలర్జీయేనని తేల్చడానికి వీల్లేదు.