ఒడికి దొరికిన మినహాయింపు

తెలుగులో ‘ఒడి’ అన్నది మిక్కిలి నమ్మకం గల మాట. ఆడపడుచుకు ఒడిబియ్యం పోస్తాము. సీమంతంలో ఒడి నింపుతాము. బిడ్డకు తొలి బడి తల్లి ఒడి అని పిల్లలచేత వ్యాసాలు వ్రాయిస్తాము. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, బిడ్డలను బడికి పంపే తల్లులకు సొమ్ము ఇచ్చే పథకం ప్రారంభించినప్పుడు దానికి ‘అమ్మ ఒడి’ అనే పేరు పెట్టినది. ఇట్టి సంస్కారంలో పెరిగినవారము కనుక, విమానంలో రెండేళ్ళు నిండని బిడ్డను ఒడిలో పెట్టుకొని పోవచ్చునని చట్టమే అన్నప్పుడు మనకందులో వింత ఏమీ తోచదు. తల్లి ఒడికన్న భద్రమైన చోటు మరి ఎక్కడున్నది అనిపిస్తుంది.

అయితే ఈ అనుమతికి ఒక చరిత్ర ఉన్నది. అది తెలుసుకొన్న తరువాత నాకు ఆ మాట మునుపటివలె వినబడటం లేదు. ఆ చరిత్ర ఆకాశంలో కాక నేలమీద, కారులో మొదలవుతుంది.

కారులో పిల్లలకు వేరే కుర్చీ అన్న ఆలోచన 1930ల నాటికే అమెరికాలో ఉన్నది. కాని అప్పటి కుర్చీ రక్షణ కోసం పుట్టినది కాదు. బిడ్డ అటూ ఇటూ ప్రాకి బండి నడిపేవారిని చీకాకు పెట్టకుండా, కొంచెం ఎత్తున కూర్చుండి కిటికీ బయటకు చూడడానికి పనికివచ్చేది, అంతే. ప్రమాదంలో బిడ్డను కాపాడడానికి కుర్చీ కావాలన్న తలపు 1960లలో గాని రాలేదు. స్వీడన్ దేశపు బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు, వ్యోమగాములు వెల్లకిల ఆనుకొని, వీపు మొత్తంతో అదటును భరించే తీరు చూసి, పసిపిల్లల కుర్చీని బండి వెనుకవైపు ముఖం ఉండేటట్లు త్రిప్పి అమర్చాడు. మెడ నిలువని బిడ్డకు వీపే కవచమని దాని సారం.

కుర్చీ వచ్చినంత మాత్రాన జనం వాడతారా? అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, మర్‌ఫ్రీస్‌బరో అనే ఊరిలో, రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. ఆయన పట్టుదలతో శాసనసభ్యుల వెంటబడగా 1977లో అక్కడ ఒక చట్టం వచ్చింది. 1978 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. చిన్నపిల్లలను కారులో కుర్చీకి కట్టి తీసుకుపోవాలని నిర్బంధించిన మొదటి అమెరికా రాష్ట్రం అదే. కాని ఆ చట్టం సభ దాటే వేళకు దానికి ఒక సవరణ అంటుకొన్నది. పెద్దవారి చేతులలో ఉన్న చంకబిడ్డకు ఈ నియమం వర్తించదట! తల్లి చేతులలోనుండి బిడ్డను లాగి ప్లాస్టిక్ కుర్చీలో వేయమనడానికి సభ్యులకు నోరు రాలేదు కాబోలు. చట్టం కోరినవారు ఆ సవరణకు ఒక భయంకరమైన పేరు పెట్టారు – ‘బిడ్డను నలిపే సవరణ’ అని.

ఆ పేరు ఊరికే పెట్టినది కాదు. బండి దేనికైనా గుద్దుకొని ఆగినప్పుడు లోపలివారి శరీరాలు ఆగవు, ఉన్న వేగంతోనే ముందుకు పోతాయి. ఒడిలో ఉన్న బిడ్డకు ముందు బండి గోడ, వెనుక తల్లి శరీరం. కాపాడదలచిన ఆ శరీరమే బిడ్డమీద పడుతుంది. చేతులతో పట్టుకోవచ్చును గదా అంటే, పది కిలోల బిడ్డ ఆ క్షణంలో పది కిలోల బిడ్డ కాదు. అదటు పదిరెట్లయితే చేతులమీద పడేది నూరు కిలోల బరువు. ఎంత ప్రేమ గల చేయి అయినా కండ కండే, ఎముక ఎముకే. శాండర్స్ పోరాటం ఆపలేదు. 1981లో ఆ మినహాయింపును టెనెసీ సభ తొలగించింది. 1985 నాటికి అమెరికాలోని రాష్ట్రాలన్నింటిలోనూ పిల్లల కుర్చీ చట్టాలు వచ్చాయి.

నేలమీద పోయిన ఆ మినహాయింపే ఆకాశంలో నిలిచిపోయింది.

కారు కుర్చీ విమానానికి పనికిరాదా అంటే, పనికివస్తుంది. ఆ సంగతి 1985లోనే తేలిపోయింది. అంతకుముందు కారుకు ఒక ప్రమాణం, విమానానికి మరొక ప్రమాణం ఉండేవి. 1985 ఫిబ్రవరి 26 నుండి రెండింటినీ ఒకటి చేశారు. నాటినుండి తగిన పరీక్షలో నెగ్గిన అమెరికా కుర్చీలమీద, ఇది మోటారు వాహనాలలోనూ విమానాలలోనూ వాడదగినదని ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది. 1992లో మరొక నియమం వచ్చింది. బిడ్డకు టిక్కెట్టు కొని, ఆమోదం పొందిన కుర్చీ తెచ్చుకొన్నవారిని విమాన సంస్థ కాదనరాదు. కాబట్టి కుర్చీ ఉన్నది, ప్రమాణం ఉన్నది, హక్కు ఉన్నది. లేనిదల్లా నిర్బంధం. ఎందుకు లేదన్న ప్రశ్నకు మూలం 1989లో జరిగిన ఒక ఘటన.

ఆ ఏడు జూలై 19న డెన్వర్ నుండి షికాగో పోతున్న యునైటెడ్ వారి 232వ విమానం, డీసీ-10 రకానిది, తోక యంత్రం బ్రద్దలైనది. ఆ ముక్కలు త్రెంపిన గొట్టాలతో విమానాన్ని త్రిప్పే ద్రవవ్యవస్థలు మూడూ చచ్చిపోయాయి. కెప్టెన్ అల్ హేన్స్, ఆయన సహచరులు, ప్రయాణికుడుగా వచ్చిన శిక్షకుడు డెనిస్ ఫిచ్ – వీరు మిగిలిన రెండు యంత్రాల వేగం ఎక్కువ తక్కువలు చేసుకొంటూ, సుమారు 44 నిమిషాలు ఆ విమానాన్ని ఆకాశంలో నిలిపి, అయోవా రాష్ట్రంలోని సూ సిటీ విమానాశ్రయం వరకు తెచ్చారు. వైమానిక చరిత్రలో అదొక మహాకార్యం. దానిమీద సినిమాలు, గ్రంథాలు వచ్చాయి. నేను చెప్పబోయేది విమానం వెనుక భాగంలో జరిగిన సంగతి.

అందులో ఒడిలో ప్రయాణం చేస్తున్న చిన్నబిడ్డలు నలుగురు. ప్రధాన పరిచారిక జాన్ బ్రౌన్, ఆ కాలపు శిక్షణ పుస్తకం ఏమి చెప్పినదో అదే తల్లిదండ్రులకు చెప్పింది. బిడ్డలను కాళ్ళ దగ్గర నేలమీద పడుకోబెట్టి, చుట్టూ దుప్పట్లు, దిండ్లు కూరి, చేతులతో అదిమిపట్టుకోవాలి. పెద్దలు మాత్రం తమ బెల్టులు బిగించుకొని వంగి కూర్చోవాలి. చెబుతున్నప్పుడే ఆ మాటలు తనకు అర్థరహితంగా తోచాయని ఆమె తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకొన్నది. విమానం నేలను తాకి, విరిగి, తలక్రిందులై, జొన్నపొత్తుల చేలలోనికి పోయి పడ్డది. 296 మందిలో 112 మంది మరణించారు. ఆ నలుగురు బిడ్డలలో పదకొండు నెలల పాప ఒకతె ఎగిరిపోయి సామాను అరలో పడ్డది. ఏడుపు విని ఒక ప్రయాణికుడు పొగలోనికి తిరిగి వెళ్ళి ఆమెను ఎత్తుకువచ్చాడు. రెండేళ్ళు నిండని బాలుడొకడు మాత్రం దొరకలేదు. పొగవలన మరణించాడు.

బయటపడిన ఆ బాలుని తల్లి తిరిగి లోపలికి పోబోగా, బ్రౌన్ ఎదురై ఆపింది. తల్లి అడగవలసిన ప్రశ్న అడిగింది. నేలమీద పెట్టమన్నది నీవే గదా, ఇప్పుడు వాడు లేడు, అన్నది. బ్రౌన్ దగ్గర సమాధానం లేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు చెప్పిన మనిషి, బిడ్డను పోగొట్టుకొన్న మనిషి – వీరిద్దరూ ఎదురెదురుగా నిలుచుండగా, ఆ పుస్తకం వ్రాసినవారెవరూ ఆ చేనిలో లేరు. ఆనాటినుండి దశాబ్దాలపాటు ఆమె చేసిన పని ఒక్కటే, ఒడి మినహాయింపు తీసివేయమని ప్రభుత్వాన్ని అడగడం. ఆమె వాదం సామాన్యమైనది. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు కాఫీ కూజాలు బిగించి పెడతారు, చేతిసంచులు సర్దిస్తారు. కట్టకుండా వదిలినది బిడ్డను మాత్రమే. అట్లు వదలమన్నది చట్టం.

1990లో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఆమె పక్షాన సిఫారసు చేసింది. అయితే మండలికి సలహా చెప్పే అధికారమే గాని నియమం చేసే అధికారం లేదు. నియమం చేయవలసినది ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్. ఇంతలో 1994 జూలై 2న షార్లట్ నగరం దగ్గర గాలివానలో యూఎస్ఎయిర్ విమానం కూలి 37 మంది పోయారు. వెనుక వరుసలో ఒడిలో ఉన్న తొమ్మిది నెలల పాప తల్లి చేతులలోనుండి జారిపోయి మరణించింది, తల్లి బ్రతికింది. తగిన కుర్చీలో ఉండి ఉంటే బిడ్డకు ప్రాణం దక్కేదని మండలి అభిప్రాయపడినది.

1995లో ఆ ప్రభుత్వ శాఖ కాంగ్రెస్‌కు ఒక నివేదిక ఇచ్చింది. నిర్బంధ నియమం పెడితే పదేళ్ళలో విమానాలలో అయిదుగురు పసిపిల్లలు బ్రతుకుతారు. కాని బిడ్డకు పూర్తి టిక్కెట్టు కొనవలసివస్తే కొన్ని కుటుంబాలు విమానం మాని కారులో బయలుదేరుతాయి. కారు ప్రయాణం విమానంకంటె ఎంతో ప్రమాదకరం కనుక ఆ పదేళ్ళలో రోడ్లమీద అదనంగా 82 మంది మరణిస్తారు. ఇది ఆ నివేదిక వేసిన లెక్క. 1997లో శ్వేతసౌధం నియమించిన భద్రతా సంఘం, 2001లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం కుర్చీ కావాలన్నాయి. అయినా 2005లో ఆ శాఖ ఇదే తర్కంతో నిర్బంధం పెట్టబోమని ప్రకటించింది. ఈ లెక్కను భద్రతా మండలి అంగీకరించలేదు.

తొలిసారి ఈ లెక్క చదివినప్పుడు ఇది కసాయి లెక్క అని నాకు కోపం వచ్చినది. నిదానించి చూడగా అట్లు కొట్టివేయడం న్యాయం కాదనిపించింది. 2003లో అమెరికా పిల్లల వైద్యులు స్వతంత్రంగా లెక్కవేసినా, నియమం వలన ఏడాదికి దక్కే ప్రాణం సగంకన్న తక్కువ – 0.4 అని తేలింది. కుటుంబాలలో నూటికి అయిదో పదో రోడ్డు పట్టినా నష్టమే ఎక్కువన్నారు. రోడ్డుమీద పోయే ఆ పసివారూ ఎవరో తల్లుల బిడ్డలే. వారికి పేరు లేకపోవడం వారి దోషం కాదు. కాని ఈ లెక్కంతా ఒక స్తంభంమీద నిలిచి ఉన్నది, అది టిక్కెట్టు వెల. ఆ స్తంభాన్ని కదిపి చూడాలన్న పట్టుదల ఎవరిలోనూ కనబడదు. ఇంకొక సంగతి. నిర్బంధం పెట్టకపోవడం వేరు, ఒడి క్షేమమని జనం నమ్మేటట్లు ఊరుకోవడం వేరు. అనుమతికి, అభయానికి భేదమున్నది. పంతులునైనందుకు ఈ రెండు మాటలూ కలిసిపోవడం చూస్తే నాకు సహించదు.

మన దేశపు విమానాలలోనూ, ఐరోపా విమానాలలోనూ ఒడిబిడ్డకు ఒక చిన్న అదనపు బెల్టు ఇస్తారు. తల్లి బెల్టుకు తగిలించి బిడ్డ నడుముకు చుట్టేది. చూడడానికి భరోసాగా ఉంటుంది. అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 1994లో బొమ్మలతో దానిని పరీక్షించగా, తల్లి శరీరం ముందుకు మడిచినట్లు వంగి బిడ్డను నలపడం, బిడ్డ కడుపుమీదనే అదటంతా పడడం కనబడింది. టెనెసీవారు పెట్టిన పేరే మళ్ళీ నిజమైనది. 1996 నుండి అమెరికా విమానాలలో విమానం లేచే, దిగే వేళలలో దాని వాడుకను నిషేధించారు. కనుక ఒక దేశం భద్రత కోసం చేతికిచ్చే వస్తువును మరొక దేశం భద్రత కోసమే వద్దంటున్నది. తల్లి ఏమి అనుకోవాలి?

మన కుటుంబాలు అక్కడనుండి సెలవులకు వచ్చే తీరు చూడండి. బిడ్డ పుట్టి ఆసుపత్రి గుమ్మం దాటింది మొదలు కారులో కుర్చీ లేనిదే కదలదు. విమానాశ్రయానికి కూడా కుర్చీలో కట్టుబడే వస్తుంది. అక్కడ ఆ కుర్చీని సంచిలో కట్టి సామానులో వేస్తారు. అది విమానం పొట్టలో తక్కిన పెట్టెలతోపాటు వలలో భద్రంగా బిగించబడి ప్రయాణం చేస్తుంది, బిడ్డ పైన చేతులలో. అంతర్జాతీయ ప్రయాణంలో ఒడిబిడ్డకు సాధారణంగా పెద్దల వెలలో పదోవంతు తీసుకొంటారు. కుర్చీకి చోటు కావాలంటే అంతకు ఎన్నోరెట్లు. మామూలు గృహస్థు ఎటు మొగ్గుతాడో చెప్పనక్కరలేదు, నేను తప్పుపట్టను. ముందు గోడకు తగిలించే ఉయ్యాల ఉన్నది గదా అంటారు. అది నిద్రకు మాత్రమే. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు, కుదుపులలో బిడ్డను దానిలోనుండి తీయవలసినదే. నేలమీద మన చట్టమూ మారినది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం పదునాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టుగాని, తగిన కుర్చీగాని ఉండాలన్నది, లేకుంటే వేయి రూపాయల జరిమానా.

ఏడాది దాటిన బిడ్డకు మధ్యేమార్గం ఒకటి 2006లో వచ్చింది. అమెరికా రవాణా శాఖలో ఉన్నతోద్యోగం చేసిన లూయీస్ స్టోల్ అనే ఆవిడ, మనుమల కోసం ఆలోచించి, విమానపు కుర్చీ వీపుకు తగిలించే భుజపట్టీని కల్పించింది. ‘కేర్స్’ అని దాని పేరు. సుమారు 10 నుండి 20 కిలోల బిడ్డలకు పనికివస్తుంది, చేతిసంచిలో పడుతుంది. టిక్కెట్టు మాత్రం కొనవలసినదే.

2012 డిసెంబరు 22న కెనడాలో సానికిలువాక్ అనే ఇన్యూట్ పల్లెలో ఒక చిన్న విమానం దిగబోతూ కూలింది. అందులో తొమ్మిదిమంది ఉన్నారు. ఎనిమిదిమంది బ్రతికారు. పోయినది ఒడిలో ఉన్న ఆరునెలల పసివాడొక్కడే. అక్కడి విచారణ సంస్థ 2015లో రెండు సిఫారసులు చేసింది. పసిపిల్లలకు తగిన కుర్చీ ఉండాలన్నది ఒకటి. విమానాలలో ఎంతమంది పసిపిల్లలు ప్రయాణిస్తున్నారో సంస్థలు లెక్క వ్రాసిపెట్టాలన్నది రెండవది. అంతవరకు ఆ లెక్క సరిగా లేదు.

2024 జనవరి 5న పోర్ట్‌లండ్ నుండి లేచిన అలాస్కా వారి విమానానికి సుమారు పదహారువేల అడుగుల ఎత్తున ప్రక్క తలుపు బిరడా ఊడి ఎగిరిపోయినది. ఆ రంధ్రం ప్రక్కనున్న రెండు కుర్చీలు ఆ రోజు ఖాళీ. విమానం క్షేమంగా తిరిగి దిగింది. అందులో ముగ్గురు ఒడిబిడ్డలు ఉన్నారు.