గాయపాకు పుట్టిల్లు

పాత వరంగల్లు జిల్లాలో, జనగామ మెట్టచేలలోనైనా, మహబూబాబాదు, భూపాలపల్లి అడవి అంచులలోనైనా, కొడవలి తగిలి వేలు తెగితే ముందుగా వెదకేది ఒక ఆకునే. గట్టుమీద పాకే మొక్క, పొడుగాటి కాడ చివర చిన్న పసుపుపచ్చ పూవు. గాయపాకు, నల్లాలం, గడ్డిచేమంతి, పలకాకు అని పేర్లకు కొదువ లేదు. అరచేత నలిపి, పసరు పిండి, పిప్పిని గాయానికి అద్ది గుడ్డపేలిక చుడతారు. బడిపిల్లలు ఇదే ఆకును బొగ్గుతో కలిపి పలకకు రుద్ది నలుపెక్కించేవారు. చివరి పేరు అందుకే వచ్చింది.

దీనిని ఋషులనాటి మందు అనడం విన్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. 1753లో లిన్నేయస్ దీనికి ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ అని నామకరణం చేశాడు. సముద్రాలు దాటివచ్చిన మొక్క సుశ్రుతునికి తెలిసే వీలే లేదు. సుశ్రుత సంహిత వ్రణానికి అరవై ఉపక్రమాలనూ, నెత్తురు నిలపడానికి సంధానం, స్కందనం, పాచనం, దహనం అనే నాలుగు మార్గాలనూ చెప్పింది. వగరు పదార్థం గాయపుటంచులను కలుపుతుందన్నది వాటిలో మొదటిది. మన అడవుల మోదుగ బంక, మద్దిపట్ట ఆ కోవలోనివే. ఆ వృక్షాల పేర్లు సంహితలలో ఉన్నాయి. గాయపాకు లేదు. మరి దాని గుణాన్ని కనిపెట్టినదెవరు? కలుపు తీసే స్త్రీలు, పశులకాపరులు, కోయగూడేల పెద్దలు. వారు కాక మరెవరు?

వ్రాత లేకపోవడం చిన్న సంగతి కాదు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం 1995లో అమెరికా పేటెంటు పొందింది. మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్కృత గ్రంథాన్నీ, 1953 నాటి వైద్యపత్రికా వ్యాసాన్నీ చూపి 1997లో దానిని రద్దు చేయించింది. పరదేశాలలో జనం నోట ఉన్న వాడుకను అప్పటి అమెరికా చట్టం లెక్కచేసేది కాదు, అచ్చయినదాన్నే లెక్కచేసేది. పసుపుకు కాగితం సాక్ష్యం పలికింది. గూడెంలోని అవ్వ మాటకు ఆ బలం ఎక్కడిది?

ఎలుకలపై చేసిన ప్రయోగాలలో ఈ ఆకు గాయం మానడానికి తోడ్పడినట్లు కనబడింది. అంతమాత్రాన దానినే నమ్ముకొని కూర్చోరాదు. ధనుర్వాతపు క్రిమి ఉండేది మట్టిలోనే, గట్టుమీది ఆకు వచ్చేదీ మట్టితోనే. గాయం లోతుదైతే కడిగి, గుడ్డతో గట్టిగా అదిమి, ఆస్పత్రికి వెళ్లి ధనుర్వాతపు సూది వేయించుకోవలసిందే.

మిత్రులారా, మీ వైపు దీనినేమంటారో, మీకు మొదట చూపినవారెవరో, ఊరి పేరుతో సహా వ్రాయండి.