సముద్రం లేని సీమ, సింహళం మీద చూపు

పెనుకొండ కోట మీద నిలబడి ఎటు చూసినా గుట్టలూ మెట్టపొలాలే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప అనుకునే ఈ సీమకు సముద్రంతో ఏం పని? అయినా ఇక్కడినుంచి పాలన సాగించిన వంశమే ఒకప్పుడు సింహళ ద్వీపాన్ని కోరుకుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు వీర విరుపణ్ణ ఒడెయరు 1354 నాటికే పెనుకొండలో అధికారంలో ఉన్నాడు. తరవాతి తరంలో హరిహర రాయల కొడుకు విరూపాక్షుడు పాండ్యులనూ సింహళులనూ జయించి, స్ఫటికాలూ మణులూ తెచ్చి తండ్రికి సమర్పించాడని ఆలంపూండి శాసనం చెబుతుంది. తాను రాసిన 'నారాయణీ విలాసం' నాటకంలోనూ అతడు ఈ విజయాన్ని చెప్పుకున్నాడు. రాజశాసనాల్లో పొగడ్త పాలు ఎక్కువే. కాబట్టి ద్వీపమంతా లొంగిందని నేను నమ్మను. కానీ లెక్కించి మరీ చెప్పుకోదగ్గ విజయంగా ఆ ద్వీపాన్ని వాళ్లు ఎంచుకోవడంలోనే అసలు సంగతి ఉంది.

కరువు నేల శిస్తుతో సామ్రాజ్యం నిలవదు. బహమనీ సుల్తానులతో యుద్ధం గుర్రాల మీద నడిచేది, మేలుజాతి గుర్రాలు అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో రావాలి. వాటికి చెల్లించే ధనం మిరియాల నుంచీ ముత్యాల నుంచీ ఓడరేవుల సుంకాల నుంచీ పుట్టాలి. ముత్యాలు దొరికేది మన్నారు సింధుశాఖలో. ధనుష్కోటికీ తలైమన్నారుకూ మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లే. అందుచేత ఆవలి గట్టు ఎవరి చేతిలో ఉందన్నది ఈవలి గట్టు రాజుకు ఖజానా ప్రశ్న. పైగా ఆ ద్వీపంలో దాల్చినచెక్క ఉంది, యుద్ధానికి పనికొచ్చే ఏనుగులు ఉన్నాయి.

ఆ గట్టు మీద కన్నేసినవాళ్లు వేరే దేశాల్లోనూ ఉన్నారు. చైనా నౌకాధిపతి జెంగ్ హె 1411లో సింహళ పాలకుడు అలకేశ్వరుణ్ణి పట్టి తన దేశానికి తీసుకుపోయాడు. రెండవ దేవరాయల కాలానికి విజయనగరం మళ్లీ దక్షిణానికి కదిలింది. దక్షిణ సముద్రాధిపతి అన్న బిరుదు ధరించిన లక్కన్న దండనాయకుడు అప్పటి ప్రముఖుడు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, రాయల దండనాయకుడు సింహళ సరిహద్దులకు దండయాత్రకు వెళ్లినట్టు రాశాడు. దేవరాయలకు సింహళం కప్పం కట్టేదని పోర్చుగీసు రచయిత నూనిజ్ కూడా తరవాత చెప్పాడు.

కప్పమే, ఆక్రమణ కాదు. అక్కడ నిలదొక్కుకోవడానికి కావలసిన స్థిరమైన నౌకాదళం రాయలకు లేదు. వర్తకుల ఓడలతో సైన్యాన్ని దాటించి కప్పం రాబట్టవచ్చు, ఆవలి ఒడ్డును మాత్రం నిలుపుకోలేరు. రాయలకు కావలసింది ద్వీపంలోని పొలాలు కావని నా అభిప్రాయం. ఆ దారి శత్రువుల చేతికి చిక్కకూడదన్నదే వారి పట్టుదల.

ఆ పట్టు తప్పింది. 1547లో గోవాకు వచ్చే గుర్రాలు విజయనగరానికే అమ్మాలని పోర్చుగీసులతో సదాశివరాయల ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. సొంత ఓడలు లేని రాజ్యం ఓడలున్నవాళ్లతో బేరమాడక తప్పలేదు. 1560లో ఆ పోర్చుగీసులే మన్నారు ద్వీపాన్ని పట్టుకొని కోట కట్టారు. ఐదేళ్లకు రాక్షసి తంగడి యుద్ధంలో సదాశివరాయల పేరిట రాజ్యం నడిపిన రామరాయలు మరణించగా, అతని తమ్ముడు తిరుమల రాయలు రాజధానిని పెనుకొండకు తెచ్చుకున్నాడు. మన్నారు 1658లో డచ్చివారికీ 1795లో ఆంగ్లేయులకూ దక్కింది. 1800లో నిజాం అప్పగించిన దత్త మండలాలతోపాటు పెనుకొండ ఉన్న అనంతపురం సీమ కూడా ఆ ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ పాలన కిందికే వచ్చింది.