ఖర్జూరం పండని దీవుల్లో కొబ్బరి

ఖర్జూర వృక్షానికి వేళ్ల దగ్గర నీరు సమృద్ధిగా అందాలి గాని, గెలలు ముదిరి పండే నెలల్లో పైనుంచి చినుకు పడకూడదు. ఆ దశలో వాన తగిలితే కాయ తొక్క పగిలి, పులిసి కుళ్లిపోతుంది. చవుడు నేలను సైతం ఓర్చుకునే ఈ చెట్టు, ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం ప్రాంతంలో నీటి వసతి ఉన్నచోట కాపునిస్తున్నది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షంతో, మే మొదలు డిసెంబరు దాకా తడి ఆరని అండమాన్ నికోబార్ దీవులు మాత్రం దానికి అనువైనవి కావు. అక్కడ కనిపించేవి దాని దాయాదులు: మడ అడవుల అంచున గుబురుగా పెరిగే, సంస్కృతంలో హింతాలమని పేరున్న ఈత జాతి చెట్టు ఒకటి, 1998లో శాస్త్రీయ నామం పొందిన అండమాన్ ఈత మరొకటి.

తాటి, ఈత, ఖర్జూరాలతో కూడిన ఈ తాళ కుటుంబంలో దీవుల చరిత్రను నడిపినది కొబ్బరి. ఖర్జూరం లేకపోవడానికి కారణం వానే. కాని అదే సముద్రం, అదే వాన, అదే ఇసుక తీరం ఉండి కూడా నికోబార్‌లో తరతరాల కొబ్బరి తోపులుండగా, అండమాన్‌లో ఆంగ్లేయులు స్థిరపడేనాటికి అవి లేకపోవడాన్ని వాతావరణం వివరించలేదు. అండమాన్ ఆదివాసులు వేట, చేపలు, దుంపలతో జీవించారే గాని మొక్కలు నాటి పెంచలేదు. కెరటాలు తెచ్చిన కాయలు మొలకెత్తకముందే ఆహారమైపోయి ఉంటాయన్నది సబబైన వివరణ.

నికోబార్ కథ వేరు. 671లో చైనా నుంచి బయలుదేరిన బౌద్ధ యాత్రికుడు ఇత్సింగ్ భారతదేశానికి వస్తూ చూసిన దిగంబరుల దేశాన్ని పండితుల్లో ఎక్కువమంది నికోబార్‌గా గుర్తిస్తారు. ఓడ కనబడగానే అక్కడివారు చిన్న పడవల్లో కొబ్బరికాయలు, అరటిపళ్లు, వెదురు సామాను తెచ్చి ఇనుము అడిగేవారనీ, రెండు వేళ్లంత ఇనుప ముక్కకు ఐదు నుంచి పది కాయలు వచ్చేవనీ అతడు రాశాడు. ఈ మారకం వేయేళ్లకు పైగా సాగింది. ఇనుము, బట్ట, బియ్యం కొబ్బరికే దొరికేవి, వస్తువుల ధర కాయల్లోనే పలికేది. కాయలను జతలుగా, జతలను ఇరవైలుగా ఎంచే ప్రత్యేకమైన లెక్క ఆ భాషల్లో ఏర్పడిందంటే, ఆ వ్యాపారం ఎంత లోతుగా పాతుకున్నదో ఊహించవచ్చు.

అండమాన్‌కు కొబ్బరి తోటలు 1858లో పోర్ట్‌బ్లెయిర్‌లో నెలకొన్న ఖైదీల వలసతో వచ్చాయి. అదే కాయ 1906లో పూర్తయిన సెల్యులర్ జైలులో శిక్షకు సాధనమైంది: ఖైదీలు కొబ్బరి డొక్కలు దంచి పీచు తీయవలసి వచ్చింది, ఎద్దులు లాగే గానుగను తామే తిప్పుతూ రోజుకు 30 పౌండ్ల, అంటే 13 కిలోలకు పైబడిన నూనె తీయవలసి వచ్చింది. ఒకచోట ఇంటి సంపదగా లెక్కకెక్కిన కాయ, మరొకచోట మనిషి ఒంట్లోని సత్తువను పిండిన వైనం బాధాకరం.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ నికోబార్ తోపులను దెబ్బతీసింది. కొబ్బరి ఉప్పుగాలిని తట్టుకోగలదు గాని, నేల కుంగి సముద్రం నిలిచిపోయిన తీరాల్లో వేళ్లు ఊపిరాడక చెట్లు మోడులయ్యాయి. మనుషుల తిండి, పందుల మేత, అమ్ముకునే ఎండుకొబ్బరి ఒక్కసారే పోయాయి. తిరిగి నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది.