జాలరుల ఇంట్లో వారం

ఇంగ్లండులో స్థిరపడిన మన కుటుంబాలు ఎండాకాలం వస్తోందనగానే సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకు వెతకడం మొదలుపెడతాయి. హోటలు గది కాదు, ఇల్లే. వంటగది ఉంటుంది కనుక పప్పూ చారూ వండుకోవచ్చు. పసిపిల్ల ఉందని ముందే చెబితే చిన్న మంచం, ఎత్తు కుర్చీ సిద్ధం చేసి ఉంచుతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళూ మనతోపాటే ఒక కప్పు కింద ఉంటారు. శుక్రవారమో శనివారమో మధ్యాహ్నం తాళంచెవి చేతికొస్తుంది, వారం తిరిగాక అదే రోజు పొద్దున్నే ఖాళీ చేయాలి. మేముండేది లీడ్స్ కాబట్టి మాకు దగ్గర నార్త్ యార్క్‌షైర్ తీరం. ఆ తీరంలో మా ఇంటిల్లిపాదికీ ఇష్టమైన ఊరు రాబిన్ హుడ్స్ బే. చుట్టుపక్కల వాళ్ళు ఉట్టి ‘బే’ అంటారు. అక్కడ మనం అద్దెకు తీసుకునే దాదాపు ప్రతి పాత ఇల్లూ ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ళదో, ఓడల మీద పనిచేసేవాళ్ళదో. ఆ ఇల్లు మన చేతికి ఎలా వచ్చిందో తెలుసుకుంటే ఈ దేశంలో కూలివాడికి సెలవు ఎలా దొరికిందో, ఆ సెలవు ఖరీదు ఎవరి మీద పడిందో కూడా తెలుస్తుంది.

కొండచరియ అంచు నుంచి సముద్రం దాకా ఇళ్ళు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. కారు పైనే వదిలేయాలి. పెట్టెలు మోసుకుంటూ నిట్టనిలువు వీధి దిగాలి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడాల్సిన సందులు, ఎర్ర పెంకుల కప్పులు, గదికొక అంతస్తు, తల వంచి నడవాల్సిన గుమ్మాలు. పిల్లలకు ఇదంతా ఆటస్థలం. పెద్దవాళ్ళకు మాత్రం మోకాళ్ళ పరీక్ష. అందుకే ఇల్లు ఖాయం చేసేముందు మెట్లకు పిల్లల తలుపు ఉందా, స్నానాలగది ఏ అంతస్తులో ఉంది, కారు ఆపే చోటుకు ఎంత దూరం అన్న మూడు సంగతులూ అడగండి. ఫొటోల్లో ఇవి కనిపించవు.

ఇంత ఇరుకుగా ఎందుకు కట్టారంటే అక్కడ ఉన్న నేలే అంత. ఆ కాస్త నేలనూ సముద్రం కొరుక్కుంటూ వచ్చింది. 1780లో కొండచరియ విరిగి ఒక వీధి వీధే ఇళ్ళతో సహా పోయింది. ఇప్పుడు ఊరిని కాపాడుతున్న ఎత్తైన గోడ 1975లో కట్టినది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ ఊరు దొంగసరుకుకు పేరుమోసింది. టీ, పట్టు, బ్రాందీ, జిన్ రాత్రిపూట పడవల్లో దిగేవి. ఒడ్డున దింపిన పట్టుమూట వెలుతురు మొహం చూడకుండా, ఇంట్లోంచి ఇంట్లోకి చేతులు మారుతూ కొండపైకి చేరేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. దొంగతనంగా ఎందుకంటే పన్నులు అలా ఉండేవి. 1784లో విలియం పిట్ ప్రభుత్వం టీ మీద సుంకాన్ని 119 శాతం నుంచి 12.5 శాతానికి దించాక టీ దొంగరవాణాకు పెద్ద దెబ్బ తగిలింది. ఇందులో మన తీరానికీ పాత్ర ఉంది. మచిలీపట్నం వైపు నుంచి వచ్చే అద్దకం బట్టలంటే ఇంగ్లండు ఆడవాళ్ళు ప్రాణం పెట్టేవారు. ఇక్కడి నేతగాళ్ళు గొడవ చేయడంతో 1721లో చేసిన చట్టం రంగులద్దిన నూలుబట్టలు చాలావాటిని కట్టుకోవడమే నేరమంది. 1774 దాకా ఆ నిషేధం నడిచింది. నిషేధించిన కొద్దీ దొంగచాటు గిరాకీ పెరిగింది. మన కలంకారీ పనివాళ్ళ చేతి అందం ఈ దేశపు పార్లమెంటును భయపెట్టిందని తెలిసినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఆ పనివాళ్ళ పేర్లు ఒక్కటీ మిగల్లేదన్నది మాత్రం బాధ.

దొంగసరుకు కథలు పర్యాటకులకు నచ్చుతాయి కనుక అందరూ అవే చెబుతారు. నాకు అంతకంటే పెద్దగా కనిపించేది ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళ చాకిరీ. పొడవాటి తాడుకు వందల కొద్దీ గాలాలు కట్టి చేపలు పట్టే పద్ధతి ఇక్కడిది. ప్రతి గాలానికీ ఎర గుచ్చడం ఇంటి ఆడవాళ్ళ పని. అందుకోసం చలిలో రాళ్ళ మీద అంటుకున్న గుల్లల్ని గీకి, బుట్టలకెత్తుకుని మైళ్ళ దూరం నడిచి తెచ్చేవారు. ఈరోజు మనం సోఫా వేసుకుని టీవీ చూసే గదుల్లో ఒకప్పుడు తాడు చుట్టలూ గుల్లల కంపూ నిండి ఉండేవి.

1881 జనవరిలో విజిటర్ అనే ఓడ మంచుతుఫానులో ఈ తీరం దగ్గర మునిగింది. ఓడవాళ్ళు చిన్న పడవలోకి దిగి అలల మధ్య చిక్కుకున్నారు. బే దగ్గరున్న రక్షణ పడవ పనికిరాని స్థితిలో ఉంది. పక్క ఊరు విట్బీ నుంచి రక్షణ పడవ సముద్రం మీద రాలేకపోయింది. అప్పుడు విట్బీ జనం ఆ పడవను బండికెక్కించి, సుమారు 200 మంది మనుషులూ 18 గుర్రాలూ కలిసి, మంచు తవ్వుకుంటూ ఆరు మైళ్ళు కొండదారిన లాక్కొచ్చారు. ఊరి నిట్టనిలువు వీధిలో తాళ్ళతో పట్టి నిలిపి కిందికి దించారు. మొదటి ప్రయత్నంలో తెడ్లు విరిగాయి. రెండోసారి వెళ్ళి అందర్నీ ప్రాణాలతో తెచ్చారు. మీ సామాను మోయలేక ఆ వీధిలో ఆగినప్పుడు పిల్లలకు ఈ సంగతి చెప్పండి. అంతకు మించిన చరిత్ర పాఠం ఆ ఊళ్ళో లేదు.

ఇక సెలవు సంగతి. సముద్రం దగ్గరికి సరదాగా వెళ్ళడం ఇక్కడ వైద్యంతో మొదలైంది. బేకి దక్షిణాన ఉన్న స్కార్‌బరోలో 1626 ప్రాంతంలో ఒకామె ఔషధగుణం ఉందనుకున్న నీటి ఊట కనిపెట్టింది. డబ్బున్నవాళ్ళు ఆ నీళ్ళు తాగడానికి వచ్చి, తర్వాత సముద్రస్నానమూ మందేనని నమ్మారు. కూలివాళ్ళకు ఆ యోగం చాలాకాలం లేదు. 1871 చట్టంతో జాన్ లబ్బక్ అనే పార్లమెంటు సభ్యుడు బ్యాంకులకు నాలుగు సెలవులు ఇప్పించాడు, అవే క్రమంగా దేశమంతటి సెలవులయ్యాయి. లాంకషైర్ నూలుమిల్లు ఊళ్ళలో ఏటా ఒక వారం మిల్లు మూసేస్తే ఊరికి ఊరే బ్లాక్‌పూల్ బయలుదేరేది. ఆ వారానికి జీతం ఉండదు, ఏడాది పొడుగునా పొదుపు సంఘంలో దాచుకున్న చిల్లరే ఆధారం. అద్దె గదుల యజమానురాళ్ళకు కుటుంబాలు సరుకులు తెచ్చిస్తే వాళ్ళు వండిపెట్టేవారు. ఉప్పూ మిరియాల సీసాల వాడకానికి విడిగా డబ్బు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. జీతంతో కూడిన సెలవు చట్టం 1938లో గానీ రాలేదు. మరుసటి ఏడాదే యుద్ధం, తీరాల నిండా ముళ్ళతీగ. యుద్ధం ముగిశాకే కార్మిక కుటుంబాలు ఆ హక్కును తనివితీరా అనుభవించాయి. ఇది ఎవరో దయతలచి ఇచ్చినది కాదు, యూనియన్లు దశాబ్దాలు పోరాడి తెచ్చుకున్నది. మనం ఇక్కడికొచ్చి జీతం తీసుకుంటూ సముద్రం చూడగలుగుతున్నది వాళ్ళ పుణ్యాన.

బేకి రైలు 1885లో వచ్చింది. అదే కాలంలో పెద్ద రేవుల ఆవిరి ట్రాలర్లు చిన్న పడవల పొట్టకొట్టాయి. చేపలు తగ్గుతుంటే అతిథులు పెరిగారు. జాలరి కుటుంబం మేడమీద గది అద్దెకిచ్చుకుని నిలదొక్కుకుంది. 1931లో రక్షణ పడవ కేంద్రం మూతపడింది. 1965లో రైలూ పోయింది, ఆ పట్టాల దారి ఇప్పుడు పిల్లలతో సైకిలు తొక్కడానికి చక్కటి బాట. కార్లు వచ్చాక లీడ్స్, లండన్ వాళ్ళు ఇళ్ళకు ఇళ్ళే కొన్నారు. గది అద్దెకిచ్చిన కుటుంబం పోయి ఇల్లు మాత్రమే మిగిలింది. చలికాలంలో వెళితే చీకటిపడ్డాక దీపం లేని కిటికీలే ఎక్కువ.

పక్కనున్న విట్బీలో 2022 జూన్‌లో జనం ఓటు వేశారు. కొత్తగా కట్టే ఇళ్ళు ఊళ్ళో శాశ్వతంగా ఉండేవాళ్ళకే అమ్మాలన్నవారు 2,228 మంది, వద్దన్నవారు 157. ఆ ఓటుకు చట్టబలం లేదు. 2025 ఏప్రిల్ నుంచి నార్త్ యార్క్‌షైర్ కౌన్సిల్ రెండో ఇళ్ళ మీద స్థానిక పన్ను రెట్టింపు చేసింది. ఇది సరైన పనే అని నా అభిప్రాయం. ఊళ్ళో పుట్టిన పిల్ల అక్కడే ఇల్లు కొనలేకపోతే ఆ ఊరు ఊరు కాదు.

అలాగని వెళ్ళవద్దనను. వెళ్ళేముందు పోటు వేళల పట్టిక చూసుకోండి. విశాఖలో నీరు పెరిగి తగ్గే తేడా ఎంత పెరిగినా మనిషి నిలువు దాటదు. ఇక్కడ కొన్ని రోజుల్లో అయిదు మీటర్ల పైమాటే. ఆ రాళ్ళ వెంట నడుస్తూ వేళ మరిచిపోతే కొండకూ నీటికీ మధ్య చిక్కుకుంటారు. నీరు తగ్గినప్పుడు గుంటల్లో పీతలు, రాళ్ళలో చుట్టచుట్టుకున్న శిలాజాలు దొరుకుతాయి. సెయింట్ హిల్డా అనే సన్యాసిని పాముల్ని ఇలా రాళ్ళు చేసిందని ఇక్కడివాళ్ళ పాతకథ. మా అమ్మ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని సాలగ్రామమంది. అది నిజమే. గండకీనదిలో దొరికే సాలగ్రామాలూ ఈ జాతి జీవుల శిలాజాలే.

మన తీరంలోనూ భీమిలి దారి వెంట, సూర్యలంక దగ్గర రిసార్టులు లేస్తున్నాయి. అక్కడ స్థలం కొనాలనుకునేవాళ్ళకు నా మనవి ఒకటే. రిజిస్ట్రేషను కాగితం కంటే ముందు, ఆ ఒడ్డున పడవలు నిలిపేది ఎవరు, వలలు ఆరేసేది ఎక్కడ అని అడగండి. ఆ చోటు వాళ్ళకు మిగలకపోతే కొనకండి.