చెయ్యి ఇడవనోళ్లు

ఇంగో రెండు కందికట్టెలు ఎగదొయ్యి పాపా, చెప్తా. కథ వాపసొచ్చిందని మూతి ముడ్చుకున్నావు గానీ, అప్పుడ్లో అది తెలుసుకునేదానికే నెలలు పడ్తాండె. కాయితానికి ఒకపక్కనే రాయల్ల, తిరుగు టపాకని మన పేరు రాసి స్టాంపులంటించిన కవరు లోపల పెట్టల్ల. పోస్టుమాను చేతిలో కవరు లావుగా అగుపిస్తే ఇప్పి చూసే పన్లే, మన కథ మనకే. పలచగా కార్డొస్తే పండగ. నేనూ కొన్నాళ్లు పంపి మానుకున్న్యా. మానుకోనోళ్ల ముచ్చటే ఇది.

రాప్తాడు తట్టు బండమీదపల్లెలో సింగమనేని నారాయణ 1943లో పుట్టినాడు. తెలుగు పండితుడు. 1960లో కృష్ణా పత్రికలో మొదటి కథ పడేనాటికి పదిహేడేండ్ల పిల్లోడు. ఆ మీదట ఎన్ని దశాబ్దాలు రాసినా మొత్తం కథలు యాభై కూడా లేవు. పట్నమోళ్లు ఇంతేనా అంటారు. నాకైతే అదే పెద్ద సంగతి. ఏడాదికి ఒకటి పడకున్నా చెయ్యి ఇడవల్య. ఒక కథకు ‘జూదం’ అని పేరు పెట్టినాడు, మెట్టచేన్లో శెనక్కాయ ఇత్తినోనికి ఇంగ ఇవరం చెప్పే పన్లే. మన అనంతపురం తట్టు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఊడలు దిగేటప్పుడు రాదు, కాయ పీకి వామేసేటప్పుడు కురుస్తాది. ఇత్తనం అప్పు, ఎరువు అప్పు. ఊరందరికీ తెలిసిన సంగతే. తెలిసినదాన్ని కథ చెయ్యడమే కష్టం పాపా, కొత్తదైతే ఎవరైనా రాస్తారు.

కథలు యాడ తడతాయని అడిగితివి గదా. వాళ్లెవురూ కొండెక్కి కూసోల్య. సింగమనేని, బండి నారాయణస్వామి బడి అయివార్లు. బెళుగుప్ప తట్టు కాల్వపల్లె చిలుకూరి దేవపుత్రది రెవిన్యూలో ఉద్యోగం. కరువు సీమ బడిలో హాజరు పిలిస్తే కొందరు పలకరు, అమ్మానాయన వెంబడి సుగ్గికి పోయింటారు. అడంగల్లో చేను ఒకరిది, చాకిరీ ఇంకొకరిది. జీతానికి చేసే పనిలోనే కథ ఎదురొస్తాది, కన్ను తెరుచుకోనుంటే. దేవపుత్ర ‘పంచమం’ నవల దళితుల బతుకుదే.

ఇంగోటి. ఈ నేలలో రాసేటోడు ఒంటిగా నిలబడల్య. సింగమనేని పక్కోళ్లవి ఏరి ‘సీమ కథలు’, ‘ఇనుపగజ్జెల తల్లి’ అని పుస్తకాలు తెచ్చినాడు. ఇనుపగజ్జెల తల్లంటే కరువే. ఆయమ్మ గజ్జెల సప్పుడు నేనూ ఇన్న్యా. 1952లో గంజి కేంద్రం కాడ సత్తుగిన్నె పట్టుకొని నిలబడినోణ్ణి. చానా ఏండ్లు గుత్తి రామకృష్ణ 1941లో రాసిన ‘చిరంజీవి’నే సీమ తొలి కథ అంటాండ్రి. అప్పిరెడ్డి హరినాథరెడ్డి పాత పత్రికల దుమ్ము దులిపి, పందొమ్మిదో శతాబ్దంలోనే మనోళ్లు కథలు రాసినారని చూపించినాడు. అచ్చయినవి కూడా మర్చిపోయినాం మనం. ఆయప్ప వెతక్కపోతే అవి ఇప్పటికీ చెదల పాలే.

నారాయణస్వామిది అనంతపురం పాతూరే. 1952లో పుట్టినాడు. మొదట ఇప్పటి బతుకులే రాసినాడు. పెద్ద వయసులో అదే ఊర్ని పట్టుకొని పద్దెనిమిదో శతాబ్దానికి, హండే రాజుల కాలానికి పోయి ‘శప్తభూమి’ రాసినాడు. 2017లో తానా నవలల పోటీ బహుమతి, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు. బహుమతుల కోసం చెప్పడంల్యా. ఊరు మార్చలేదు, కాలం మార్చినాడు, అది సూడు.

మన దిగుడుబావి కాడ వీరగల్లు ఉండాది గదా, గుర్రం మీద కత్తి పట్టుకున్నోడు. ఎవురో నాకు సగమే తెలుసు. కింద గేరి పెద్దాయనకు మిగతాది తెలుసు, వాళ్ల తాత చెప్తాండె. రేపు ఎండెక్కక ముందే పోదాం. నోటుబుక్కు తెచ్చుకో, ఆయప్ప ఒకసారి మొదలుపెడితే ఆపడు.